అడుగు నుంచి తీసిన పిడికెడు

2007 జూన్ 4, సోమవారం

షహీన్‌కు కాలేజీ ఫస్టు వచ్చింది. బీకాంలో ఎనభై ఒక్క శాతం. నేను హిందూపురంలో లెక్చరరుగా చేరిన ఈ పద్దెనిమిదేళ్ళలో కామర్స్‌లో ఇన్ని మార్కులు ఎవరికీ రాలేదు. సంతోషంగా రాసుకోవలసిన రోజు. కానీ కలం తీయగానే మనసు ఆ పుస్తకం మీదికే పోతోంది.

సాయంత్రం కాలేసాబ్ కూతుర్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. పట్టుగూళ్ళు కొని, ఉడకబెట్టి పట్టుదారం తీయించే మనిషి. ఎంత కడుక్కున్నా చేతుల నుంచి ఆ వాసన పోదు. అందుకే మా ఇంట్లో ఎప్పుడూ కుర్చీ అంచునే కూర్చుంటాడు. మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టి, దాని పక్కన నిగనిగలాడే పుస్తకం ఒకటి పెట్టాడు. బెంగళూరు ఎంబీఏ కాలేజీ వాళ్ళది. "ఫైనాన్స్‌లో నూటికి నూరు ఉద్యోగాలు" అని అట్ట మీదే ఉంది. లోపల మూడు ఫోటోలు, ఫోటోల కింద జీతాలు. మొదటి ఫోటో పెనుకొండ అబ్బాయిది. పేరు సాల్మన్. ఏదో విదేశీ బ్యాంకులో ఏడాదికి తొమ్మిది లక్షలట.

"పెనుకొండోడే మేడం. పరాయోడు కాదు," అన్నాడు కాలేసాబ్, ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయినట్టు.

"అనంతపురంలో గూడా ఎంబీఏ సీటొస్తాది నాయనా. నాకు ఎంట్రన్సులో మంచి ర్యాంకే వచ్చింది. ఫీజు గూడా తక్కువ," అంది షహీన్.

"ఆడ చదివితే ఏమొస్తాదో ఎవురికి తెలుసు? దీంట్లో రాసిండారు గదా!" నా వైపు తిరిగాడు. "మా ఇంట్లో సదువుకున్నోళ్ళు లేరు మేడం. మీరు యాడికి పొమ్మంటే ఆడికి పోతాది. ముప్పైయో తేదీ లోపల అడ్వాన్సు కట్టాలంట. ఇల్లు బ్యాంకుకు పెడ్తాండా."

ఆ ఇల్లు నేను చూశాను. మూడు గదులు. రెండింటిలో గూళ్ళు, ఒకదానిలో మనుషులు.

కొన్నాళ్ళు ఆగమన్నాను. వద్దనడానికి కారణం దొరకలేదు. సరే అనడానికీ దొరకలేదు. నూటికి నూరు అంటే నాకు నమ్మబుద్ధి కాదు. నా క్లాసుకు నూటికి నూరు మంది వచ్చిన రోజు ఒక్కటి కూడా లేదు.

జూన్ 5

ఆ కాలేజీ పోస్టరు మా కాలేజీ గేటు పక్కనే అంటించారు. ప్రిన్సిపాల్ చూసి కూడా ఏమీ అనలేదు. ఎందుకు అనలేదు?

జూన్ 7, గురువారం

ఆ పుస్తకం పంచుతున్నది లోకేష్ అని తెలిసింది. నా పాత విద్యార్థి, తొంభై తొమ్మిది బ్యాచ్. జిరాక్స్ షాపు పైన గది తీసుకుని, ఏ కాలేజీలో చేరితే ఏ ఉద్యోగం వస్తుందో చెబుతుంటాడు. మెట్లెక్కి పోయాను.

"ఒక్కొక్క పిల్లకు వాళ్ళు నీకెంత ఇస్తారు లోకేష్?"

"అయ్యో, కాఫీ గూడా తాగకముందే కమీషనా మేడం!" పకపకా నవ్వాడు. "ఇస్తారు. మీ దగ్గర దాచేదేముండాది?"

దాచలేదు. దాచకపోవడం చూసి నా అనుమానం ఇంకా పెరిగింది.

"నూటికి నూరని ఎట్లా రాశారు?"

"రాయకపోతే ఎవురు చేరతారు మేడం? మీకు తెలీందా ఏమి? మన కాలేజీ పుస్తకానికి మీరు గూడా ఒక పేజీ రాస్తిరి గదా. దాన్ని చూసే నేను ఈ లైనులోకొచ్చినా. బలే రాసింటిరి!"

తలపొగరు. క్లాసులోనూ ఇంతే, వెనక బెంచీలో కూర్చుని ఏదో ఒకటి అనేవాడు. నేను రాసింది ప్రిన్సిపాల్ అడిగితే రాసిన పేజీ. అది వేరు.

రాత్రి అన్నం దగ్గర ఇదంతా చెబితే మా ఆయన నవ్వారు. "నీకు ఇంట్లో ఉప్పు డబ్బా మీద గూడా అనుమానమే. పాపం ఆ పిల్లకు ఏదో ఒకటి చెప్పెయ్."

ఏదో ఒకటి చెప్పెయ్యడమేనా?

జూన్ 9, శనివారం

కాలేసాబ్‌తో మాట్లాడదామని పట్టుగూళ్ళ మార్కెట్‌కు పోయాను. వేలం మొదలవబోతోంది కాబట్టి ఆయన అక్కడి నుంచి కదల్లేడు. నేనే వెనకాల తిరిగాను.

మడకశిర రైతు ఒకాయన గూళ్ళు తొట్టిలో పోసి నిలబడి ఉన్నాడు. పైన ఒకే తీరుగా పసుపుపచ్చటి గూళ్ళు. కాలేసాబ్ వాటిని చూడనైనా చూడలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా కుప్పలోకి దూర్చి, అడుగు నుంచి పిడికెడు తీశాడు. ఒక్కొక్కటీ చెవి దగ్గర ఆడించాడు, వేళ్ళతో నొక్కాడు, ఒకదాన్ని బ్లేడుతో కోసి చూశాడు.

"పైన చూడప్పా, ఎంత బాగుండాయో!" అన్నాడు రైతు.

"పైన నీ మొగం చూస్తి గదప్పా, అది చాలు. అడుగున ఏముండాదో చూడనీ."

"నీకు దుడ్లిచ్చే మనసు లేదు, పోనీలే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ధర తగ్గింది. కోపాలు లేవు.

"పైన మంచివి పెట్టి అడుగున నాసివి పెట్టడం మోసం కాదా?" అని అడిగాను పక్కకు వచ్చాక.

"అందరూ పెడ్తారు మేడం. నేనైనా అట్లనే పెడ్తా. అది మాకు తెలుసు గాబట్టే చెయ్యి పెడ్తాము. తెలిసినాక మోసమేముండాది?"

పద్దెనిమిదేళ్ళుగా స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. ఇంత శుభ్రంగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ పుస్తకంలో నాకు కనబడుతున్నది పైనున్న ముగ్గురే. అడుగున ఎవరున్నారు?

రేపు ఆదివారం. సాల్మన్ పెనుకొండకు వస్తాడట.

జూన్ 10, ఆదివారం

పొద్దున ప్యాసింజరుకు పెనుకొండ పోయాను. సాల్మన్ తండ్రి జయరాజు రైల్వేలో గ్యాంగ్‌మన్. స్టేషను వెనకే క్వార్టరు. అప్పుడే చర్చి నుంచి వచ్చారు. నన్ను కూర్చోబెట్టక ముందే జయరాజు గోడ వైపు వేలు చూపించాడు. అదే పుస్తకంలోని అదే పేజీ, లామినేషన్ చేయించి క్యాలెండరు పక్కన వేలాడదీశాడు.

"మావోని ఫోటో చూసినారా మేడం? మీ పిల్లను గూడా ఆడనే చేర్పియండి. కండ్లు మూసుకోని చేర్పియండి!"

"నాయనా, నువ్వు రోంత కాఫీ చెప్పుపో," అని సాల్మన్ ఆయన్ను లోపలికి పంపాడు. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"తొమ్మిది లక్షలు నిజమే మేడం. కానీ నేను అంతకుముందు సూరత్కల్ ఎన్ఐటీలో ఇంజనీరింగ్ చదివినా. బ్యాంకోళ్ళు తీసుకున్నది ఆ పేరు చూసి. ఇంటర్వ్యూలో ఈ ఎంబీఏ మీద ఒక్క ప్రశ్న గూడా అడగలా."

"మరి అక్కడ ఎందుకు చేరావు?"

"ఎంబీఏ అనే కాగితం లేకుంటే ఆ ఉద్యోగానికి లోపలికి రానీరు. ఈ కాలేజీ వాళ్ళు నాకు సగం ఫీజు తగ్గిచ్చి పిలిచినారు. ఎందుకు తగ్గిచ్చినారో ఫోటో వేసినాక అర్థమయింది." నవ్వాడు, కానీ సంతోషంగా కాదు. "వాళ్ళు నన్ను తయారు చేయలేదు మేడం. వాళ్ళకు నేను దొరికినా."

"మీ బ్యాచ్‌లో మొత్తం ఎంతమంది?"

"అరవై రెండు. నిజంగా ఫైనాన్స్‌లో మంచి జీతాలకు పోయినోళ్ళు ఏడుగురు. ఏడుగురూ నా మాదిరి ముందే పెద్ద కాలేజీల్లో చదివినోళ్ళే. మన పక్క బీకాం చేసి వచ్చినోళ్ళు క్రెడిట్ కార్డులు అమ్ముతాండారు, ఇన్సూరెన్సు కట్టిస్తాండారు. ఆ పుస్తకంలో అది గూడా ఫైనాన్సే."

ఇదీ అడుగు పిడికెడు. ఒక కాలేజీ ఉద్యోగాలు ఇస్తుందా, ఎలాగూ ఉద్యోగం వచ్చేవాళ్ళను ఏరి తెచ్చి ఫోటో తీయించుకుంటుందా? ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు నేను.

సాల్మన్ ఇంత సులభంగా ఎందుకు చెప్పాడని స్టేషనుకు నడుస్తూ అనుకున్నాను. తన పక్కకు ఇంకొకరు రాకూడదనా? ఇది నా జబ్బు. ఆ అబ్బాయి తండ్రి వినకుండా తలుపు వేసి మరీ నిజం చెప్పాడు.

అంతకుముందు, నేను లేస్తుంటే ఆ అబ్బాయి ఒక మాట అడిగాడు. "మీ కాలేజీ నుంచి ఎంతమంది పోయినారు మేడం, ఫైనాన్స్‌లోకి?"

"పదకొండు మంది," అన్నాను. తడుముకోలేదు.

జూన్ 11

పాత ఫైలు ఒకసారి తీసి చూద్దామనుకున్నాను. స్టాఫ్‌రూం బీరువా తాళంచెవి కనబడలేదు.

జూన్ 12

తాళంచెవి నా బ్యాగులోనే ఉంది.

జూన్ 13, బుధవారం

తీశాను.

2004 మార్చిలో కామర్స్‌లో పిల్లలు బాగా తగ్గిపోయారు. ఆ ఏడాది నలభై మంది చేరకపోతే సెక్షన్ ఎత్తేస్తామని యాజమాన్యం చెప్పింది. సెక్షన్ పోతే నేనూ పోతాను. అప్పుడు ప్రిన్సిపాల్ పిలిచి, "మన పిల్లోళ్ళు యాడెక్కడ పని చేస్తాండారో ఒక పేజీ రాయండి మేడం, బాగుండేట్లు," అన్నాడు.

బాగుండేట్లు రాశాను. అంతకుముందు ఏడాది మా దగ్గర బీకాం ముగించినవాళ్ళు నలభై ఒక్క మంది. ఎవరెక్కడున్నారో సగం మంది గురించే నాకు తెలుసు. పదకొండు పేర్లు ఏరాను. ఎవరో చిట్టీల ఆఫీసులో కూర్చుంటోందని విన్నాను: ఆర్థిక రంగం. ఎవరో బంగారం కుదువ పెట్టుకునే కౌంటరులో కనబడిందన్నారు: ఆర్థిక రంగం. ధర్మవరం భారతి ఫైనాన్స్ కంపెనీలో చేరిందని తనే చెప్పింది: ఆర్థిక రంగం. మిగతా ముప్పై మంది పేర్లు రాయలేదు.

అబద్ధం రాయలేదు. రాయలేదు, అంతే.

ఆ ఏడాది యాభై ఇద్దరు చేరారు. వాళ్ళలో షహీన్ ఒకతె.

ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తెలియదు. షహీన్ ఎంబీఏకు, దీనికి సంబంధం లేదు.

జూన్ 17, ఆదివారం

ధర్మవరం పోయాను. భారతిని చూసి చాలా రోజులైందని ఇంట్లో చెప్పాను.

భారతి అప్పట్లో చెప్పిన అడ్రసులో ఫైనాన్స్ కంపెనీ లేదు. అక్కడిప్పుడు టైర్ల షాపు ఉంది. పక్కన అడిగితే నాలుగు వీధుల అవతల పట్టుచీరల అంగడి చూపించారు. భారతి తెల్లటి పరుపు మీద కూర్చుని చీరలు మడతలు పెడుతోంది. నన్ను చూసి దిగ్గున లేచింది.

"మేడం! యాడికొస్తిరి ఇంత దూరం? కూర్చోండి. ఏ రంగు తీమంటారు?"

"చీరకు రాలేదమ్మా. నిన్ను చూడడానికే వచ్చాను. ఆ కంపెనీ..."

"అది నాలుగు నెలలకే బోర్డు తిప్పేసె మేడం. నాకు రెండు నెలల జీతమే రాలా. అప్పటి నుంచి ఈడనే." నవ్వుతూ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది. "మీరు నా పేరు పుస్తకంలో వేసినారు గదా. అది వచ్చేసరికే నేను మానేసింటి. మా నాయన ఆ పుస్తకం ఎత్తుకోని ఊరంతా చూపిచ్చినాడు. ఎట్ల చెప్పాలో తెలీక చెప్పలా. ఇప్పటికీ ఆయప్ప నేను ఏదో ఆఫీసులో కూర్చుంటాననే అనుకుంటాండాడు. అందుకే ఈ అంగడికి రానీను."

"నాకైనా చెప్పాల్సింది."

"మీరు అడగలేదు గదా మేడం."

నిష్ఠూరంగా అనలేదు. మడతలు పెడుతూనే అంది.

ఒక చీర కొన్నాను. ఎందుకో తెలియదు. పైన ఉన్నది తీసుకోకుండా కింది నుంచి ఒకటి లాగాను. భారతికి ఏమీ అర్థం కాలేదు.

జూన్ 24, ఆదివారం

వారమంతా ఫోన్లు చేస్తున్నాను. పదకొండు మందిలో ఇద్దరిది నిజం. ఒకరు సహకార బ్యాంకులో గుమాస్తా, ఒకరు పోస్టాఫీసులో పొదుపు కౌంటరు. పోస్టాఫీసును ఆర్థిక రంగం అనవచ్చా? అనుకుంటే అనవచ్చు.

అనవద్దు. ఒక్కరు.

మిగతా ముప్పై మందికి కూడా చేయడం మొదలుపెట్టాను. ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

జూన్ 25, సోమవారం

కాలేజీ అయ్యాక కాలేసాబ్ ఇంటికి పోయాను. లోపల గూళ్ళు ఉడుకుతున్నాయి, ఆవిరికి కళ్ళద్దాలు మసకబారాయి. షహీన్ స్టూలు వేసింది. చెల్లెలు జమ్రూద్ గడప దగ్గర నిలబడి వింటోంది.

సాల్మన్ చెప్పిందంతా చెప్పాను. అరవై రెండు, ఏడు, సూరత్కల్. కాలేసాబ్ తల ఊపుతూ విన్నాడు. "బతికిపోతిమి మేడం. మీరు చెయ్యి పెట్టి చూడకపోతే ఇల్లు పోయేది," అన్నాడు.

అక్కడితో లేచి రావచ్చు. చెప్పులు వేసుకున్నాను కూడా. మళ్ళీ వచ్చి కూర్చుని, నేను రాసిన పేజీ సంగతి చెప్పాను. పదకొండు కాదు, ఒకరు అని.

ముందు షహీన్ మాట్లాడింది.

"అప్పుడు నాకు అనంతపురం గవర్నమెంటు కాలేజీలో హాస్టలుతో సీటొచ్చింది మేడం. పోదామని పెట్టె గూడా సర్దుకున్నా. మీరు ఆ పేజీ తెరిచి నాయన ముందర పెట్టినారు. పదకొండు మంది అని వేలు పెట్టి చూపిచ్చినారు. ఈడనే ఉండాదమ్మా అంతా, ఆడికెందుకు అన్నారు."

మరిచిపోయాను అని రాయబోయాను. మరిచిపోలేదు.

కాలేసాబ్ కోపంగా మాట్లాడలేదు. అదే కష్టమయింది.

"రైతు పైన మంచివి పెడ్తాడని నాకు తెలుసు మేడం. అందుకే మోచేతి దాకా చెయ్యి పెడ్తా. మీ దగ్గర పెట్టలా. మీరు గదా అని."

జమ్రూద్ గడప దగ్గర నుంచి లోపలికి వెళ్ళిపోయింది. టీ తెస్తానని షహీన్ అంది కానీ తేలేదు. నేనూ అడగలేదు.

జూన్ 26

తలనొప్పి. కాలేజీకి పోలేదు.

తలనొప్పి లేదు.

జూన్ 28, గురువారం

కొత్త ప్రాస్పెక్టస్ వేస్తున్నారు. ప్రిన్సిపాల్ ఆ పేజీ మళ్ళీ అడిగాడు. "ఈసారి షహీన్ ఫోటో పైన పెద్దగా వేద్దాం మేడం. యూనివర్సిటీలో గూడా ర్యాంకు వచ్చింటే ఇంకా బాగుండు."

నేను రాసి పెట్టుకున్న నాలుగు కాగితాలు ఇచ్చాను. నలభై ఒక్క పేర్లు, ఇప్పుడేం చేస్తున్నారు, ఫోన్ నంబరు ఉన్నచోట నంబరు. చీరల అంగడి, మగ్గం, టెంకాయల వ్యాపారం, ఇంటి పని, బడిలో టీచరు, ఇంటి పని, ఇంటి పని. ఇద్దరి పక్కన "తెలియలేదు" అని ఉంది.

ఆయన రెండు పేజీలు చూసి తిరిగి ఇచ్చేశాడు. "ఇది చూస్తే ఎవురు చేరతారు మేడం?"

ఈ మాట ఇంతకుముందు ఎక్కడ విన్నానా అని ఆలోచించాను. జిరాక్స్ షాపు పైన.

పుస్తకంలో వేయకపోతే మానె, నోటీసు బోర్డులో పెట్టవచ్చు. దాని తాళంచెవి కామర్స్ డిపార్టుమెంటు దగ్గరే, అంటే నా దగ్గరే ఉంటుంది. రేపు పెడతాను.

జూన్ 29

పని ఎక్కువగా ఉంది. పెట్టలేదు.

జూన్ 30, శనివారం

అడ్వాన్సుకు ఆఖరి రోజు. పొద్దుటి నుంచి గడియారం చూస్తూనే ఉన్నాను. కట్టేశారేమో, నా మీద కోపంతోనైనా కట్టేశారేమో. నేను చెప్పింది ఇక వాళ్ళెందుకు నమ్మాలి?

మూడింటికి షహీన్ స్టాఫ్‌రూంకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అడ్వాన్సు కట్టలేదు మేడం. మీరు చెప్పినారని కాదు. నేనే ఆ కాలేజీకి ఫోన్ చేసి, పోయినేడు బ్యాచ్ అరవై రెండు పేర్లూ ఇయ్యండి అంటే, ఫోటోలుండే ముగ్గురి పేర్లు మళ్ళీ చదివినారు. మిగిలినోళ్ళంటే ఫోన్ పెట్టేసినారు."

"మరి?"

"సోమవారం అనంతపురం పోతాండాం నేను, నాయన. ఆడ గూడా అదే అడుగుతా. ఆఫీసులో ఇయ్యకపోతే హాస్టలుకు పోయి సీనియర్లను అడుగుతా. అది మంచిదయినా కాకపోయినా, తెలిసి చేరతా."

మంచి మాట అని అనబోయి ఊరుకున్నాను. నా మెప్పు కోసం వచ్చినట్టు లేదు.

"మీరు మొత్తం పేర్లు రాసినారని ప్రిన్సిపాల్ సారు అన్నారు. ఒకసారి ఇస్తారా? జమ్రూద్‌కు ఇంటర్ అయిపోయింది. దాన్ని ఈడ చేర్పించాల్నా, వేరే చోటికి పంపాల్నా చూడాల."

బ్యాగులో నుంచి నాలుగు కాగితాలు తీసి ఇచ్చాను. అప్పటికీ అవి బ్యాగులోనే ఉన్నాయి.

షహీన్ ఇప్పుడు కూర్చుంది. మొదటి పేజీ చూడలేదు. కట్టను తిరగేసి నాలుగో పేజీ, అందులోనూ కింది నుంచి మొదలుపెట్టింది. చిట్టచివరి పేరు ఉలిగప్ప, కనగానపల్లి, టెంకాయల వ్యాపారం. సెల్ తీసి ఆ నంబరు నొక్కింది. నా ఎదురుగానే.

"అన్నా, నేను మీ కాలేజీ నుంచే మాట్లాడ్తాండా. మీరిప్పుడు ఏం చేస్తాండారన్నా?... టెంకాయలా?... మేడం మీకు ఫోన్ చేసినారా, నిజంగా?... సరేన్నా."

పెన్సిలుతో పక్కన చిన్న గీత గీసి, పైన ఉన్న పేరుకు పోయింది. మళ్ళీ నొక్కింది.

నలభై ఒక్క పేర్లు. చాల్లే అమ్మా అనలేదు. చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టి, వరండాలోకి వచ్చి, నోటీసు బోర్డు అద్దం తాళం తీశాను. బోర్డు తలుపు తెరిచి పట్టుకుని, ఆమె మొదటి పేజీకి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.